ఓడమ్మా ఓడు

సంచి నేనే సర్దాను. నాలుగు చీరలు, ఒక స్వెటరు, కొబ్బరినూనె సీసా, దారిలో తినడానికి శెనక్కాయ ఉండలు. అంజి ఫొటో పెట్టాలా వద్దా అని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. చివరికి పెట్టలేదు. పోయే ఇంట్లో దానికి మేకు ఎవరు కొడతారు.

"అత్తా, బస్సు పోతాది," అని గడప బయట నుంచి మల్లయ్య మళ్ళీ పిలిచాడు.

మల్లయ్య నా కోడలు హేమలతకు అన్న. చెల్లెల్ని తీసుకుపోవడానికి కదిరి నుంచి వచ్చాడు. మా అంజి రాళ్ళ ఫ్యాక్టరీ నుంచి జ్వరంతో ఇంటికొచ్చి, పడుకున్నవాడు మళ్ళీ లేవక అప్పటికి ఏడాది దాటింది. ముదిగుబ్బలో ఒకాయనకు భార్య పోయిందట, ఇద్దరు పిల్లలట, నీళ్ళున్న బోరట. హేమలతను చేసుకుంటానన్నాడట. మల్లయ్య చెడ్డవాడు కాడు. చిన్న వయసు చెల్లెలు, పోయిన మొగుడి తల్లి దగ్గర, బెంగళూరు పక్క జిగణి లాంటి ఊళ్ళో, వఠారంలో ఒక్క గదిలో ఎన్నాళ్ళు పడుంటుందని అతని బాధ. నేను కాదనడానికి నోరెక్కడిది? కోడలు అనడానికి కొడుకు లేడు. కూతురు అనడానికి కన్నది నేను కాదు.

అది 1998, వినాయక చవితి వెళ్ళిన వారం. వాన వెలిసి రోడ్డంతా ఎర్ర బురద. మల్లయ్య సంచి తీసుకుని ముందు నడిచాడు. బస్సు రాగానే ఎక్కి, సీటు పట్టడానికి జనాన్ని తోసుకుంటూ లోపలికి పోయాడు. హేమలత నా చెయ్యి వదల్లేదు. నేనూ వదల్లేదు. కండక్టరు విజిల్ ఊదాడు. బస్సు కదిలింది.

"పోమ్మే, పో," అన్నాను.

ఆమె నడకకు కాస్త ఎక్కువగా, పరుగుకు కాస్త తక్కువగా కదిలింది. బస్సు గుంతల్లో పడి లేస్తూ పోతోంది, ఈమె దాని వెనక ఏదో మొక్కుబడికి పోతున్నట్టు పోతోంది. ఇంతలో మంచి రోడ్డు వచ్చింది. డ్రైవరు గేరు మార్చాడు. అప్పుడు చూడాలి హేమలతను. చెప్పులు విడిచేసింది. కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుంది. బస్సు ఎంత జోరు పెంచితే అంత జోరు పెంచింది. మోకాళ్ళు అంత ఎత్తుకు లేవడం నేను ఆడపిల్లలో చూడలేదు.

వెనక ఫుట్‌బోర్డు మీద ఖాకీ చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకడు కడ్డీ పట్టుకుని బయటికి వేలాడుతూ, రెండో చెయ్యి ఊపుతూ అరుస్తున్నాడు.

"ఓడు! ఓడమ్మా ఓడు!"

అసలే ఎవరైనా బస్సెక్కుతుంటే నాకు భయం. పోయేవాళ్ళ ముందు తుమ్మనైనా తుమ్మను. అలాంటిది, ఊరికి బయల్దేరిన బిడ్డను ఎదురుగా నిలబడి ఓడిపొమ్మంటాడా? చెప్పులు చేతబట్టుకుని నేనూ వెంటపడ్డాను.

రాళ్ళ ఫ్యాక్టరీ మలుపులో బస్సు ఆగింది. నేను రొప్పుతూ చేరేసరికి ఆ ఖాకీ చొక్కా కిందికి దిగి హేమలత ముందు నిలబడి ఏదో మెచ్చుకోలుగా చెబుతున్నాడు.

"ఏమయ్యా," అన్నాను, "నీ నోట్లో మన్ను పడ. పోయే బిడ్డని ఓడు ఓడు అని శపిస్తావా? అది నీకేం చేసె?"

ఆయన తెల్లబోయాడు. కండక్టరు ముందు నవ్వాడు, తర్వాత బస్సులో సగం మంది నవ్వారు.

"అక్కా, నిదానం," అన్నాడాయన. "ఓడు అంటే కన్నడంలో ఉరుకు అని. ఉరుకమ్మా అని చెప్పినా."

"ఓడిపొమ్మనేదానికి ఏమంటారు మరి?"

"సోలు అంటారు."

"గెలువు అనేదానికి?"

"గెల్లు. అది మనదే."

"గెలిచేది మనదే అయినప్పుడు ఉరికేదానికేం వచ్చె రోగం?"

ఆయనకూ నవ్వు ఆగలేదు. ఇందులో నా తప్పేం లేదు. చదువు నాకు ఎవరూ నేర్పలేదు. పొట్లాలు కట్టిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. బెంగళూరు వచ్చాక కన్నడ బోర్డులు కూడా చదివేసేదాన్ని, ఆ అక్షరాలు మన వాటికి అక్కచెల్లెళ్ళే కదా. నోటికి పలికేది, అర్థం మాత్రం తెలిసేది కాదు. వఠారంలో అందరం కదిరి, తలుపుల వైపు వాళ్ళమే కాబట్టి ఆ లోటు ఎన్నడూ తెలియలేదు.

ఆయన పేరు దేవదానం. పుట్టింది కోలారు బంగారు గనుల దగ్గర, పనిచేసింది మిలిటరీలో. అక్కడ పరుగు పందేలలో ఉండేవాడట. ఇప్పుడు బొమ్మసంద్రలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీకి సెక్యూరిటీ సూపర్‌వైజరు, ఆ ఫ్యాక్టరీ ఆడపిల్లల జట్టుకు మాస్టరు.

"నేను ఇన్నేండ్లుగా చూస్తాండా అక్కా," అన్నాడు. "ఎవరైనా మొదట ఎగిరి, చివర పడిపోతారు. ఈ పాప మొదట దాచిపెట్టుకోని, చివర తీసె. అది దేవుడిచ్చేది, నేర్పిస్తే రాదు. మా ఫ్యాక్టరీలో హెల్పర్ పని ఇప్పిస్తా. కార్తీకంలో స్టేడియంలో ఫ్యాక్టరీల పోటీ ఉండాది. ఎనిమిది వందల మీటర్లు, రెండే రెండు సుత్తులు, అంటే మైదానం చుట్టూ రెండు చుట్లు. మొదట వచ్చిన ఇద్దరినీ రైల్వేవాళ్ళు ఉద్యోగంలోకి తీసుకుంటారు."

రైల్వే అన్న మాట వినగానే మల్లయ్య బస్సు దిగాడు.

"గవర్నమెంటుదేనా?" అన్నాడు.

"రైల్వే ఇంకెవురిదప్పా, మీ మామదా?"

మల్లయ్య సంచి రోడ్డు పక్క రాయి మీద పెట్టి ఆలోచించాడు. బస్సు వెళ్ళిపోయింది. చివరికి నా వైపు తిరిగి చెప్పాడు. "కార్తీకం దాకా చూస్తా అత్తా. మొదటి ఇద్దరిలో వస్తే ఆ ఉద్యోగానికి పోనీ. రాకపోతే ఆ స్టేడియం నుంచే నా ఎంట వస్తాది. ముదిగుబ్బాయన్ని అంతకంటే ఆపలేను."

హేమలత తలూపింది. నేనూ తలూపాను. గెలిచినా ఓడినా నా గదిలో ఉండదని నాకు అక్కడే తెలిసిపోయింది. కానీ అన్న సంచి మోస్తుంటే వెనక నడవడం వేరు, తన సంచి తాను మోసుకుపోవడం వేరు. ఆ తేడా కోసమే ఆ కాలమంతా పరిగెత్తాం, ఇద్దరమూ.

ఆ సాయంత్రం రాగిపిండి జల్లిస్తూ అడిగాను. "మొదట ఎందుకమ్మే అంత నిదానంగా పోయినావు? మాస్టరు దేవుడిచ్చినాడంటాండాడు."

హేమలత గొంతు తగ్గించి చెప్పింది. "దేవుడూ లేదు, ఏమీ లేదు అత్తా. బస్సు దొరకకపోతే బాగుండునని అనుకున్న్యా. మళ్ళ చూస్తే కిటికీలో మా అన్న మొగం. సంచి ఒళ్ళో పెట్టుకోని, పాపం, ఏడ్చేటట్టు ఉండాడు. అప్పుడు ఉరికినా."

ఇద్దరం పడి పడి నవ్వాం. ఈ సంగతి దేవదానానికి చెప్పలేదు.

చెప్పకపోయినా, ఆ నిదానం నిలిచేది కాదని ఆయనకు వారంలోనే తెలిసిపోయింది.

మా వఠారానికి వెనక ఎవరో సైట్లు వేసి అమ్మకుండా వదిలేసిన లేఅవుట్ ఒకటి ఉండేది. హద్దురాళ్ళు, మట్టి రోడ్లు, ఒక మూల రోడ్డు పక్కనే కట్టి ఆపేసిన నీళ్ళ ట్యాంకు. ఆ లేఅవుట్ చుట్టూ ఉన్న రోడ్డే మా మైదానం. పొద్దున్నే డ్యూటీకి ముందు నేను ముగ్గుపిండితో గీత గీసేదాన్ని, హేమలతా, ఆమె పనిలో చేరిన ఫ్యాక్టరీ జట్టు పిల్లలూ దాని మీద వరసగా నిలబడేవాళ్ళు. దేవదానం విజిల్ ఊదగానే హేమలత తాడు తెంచుకున్న దూడలా లగెత్తేది. ట్యాంకు దాటేసరికి అందరికంటే చాలా ముందు. రెండో చుట్టు మొదలయ్యేసరికి నోరు తెరుచుకుని, భుజాలు వేలాడేసి, ఒక్కొక్కరూ దాటిపోతుంటే చూస్తూ ఈడ్చుకొచ్చేది.

"ఆంటీ, మీ కోడలు మొదటి సుత్తులో రాకెట్టు, రెండో సుత్తులో ఎద్దుల బండి," అనేది సుశీల. ఆనేకల్ పిల్ల, ఆ జట్టులో అందరికంటే గట్టిది, నోరు కూడా అంతే గట్టిది.

"బండైనా ఇంటికి చేరతాది లే," అనేదాన్ని నేను.

దేవదానం తల పట్టుకున్నాడు. బస్సు వెనక చూసిన పరుగు ఎక్కడికి పోయిందో ఆయనకు అంతుబట్టలేదు. రెండు రోజులు ఆలోచించి నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నువ్వు ఆ ట్యాంకు కాడ నిలబడు. మొదటి సుత్తులో నీ ముందర పోయేటప్పుడు ఏదన్నా అడుగు. ఇంట్లో కూర్చోని మాట్లాడినట్టు జవాబు చెప్పాల. చెప్పలేకపోతే జోరు ఎక్కువైనట్టు."

"ఏమడగాల?"

"ఏమన్నా అడుగు."

నేను సంగటి వండి రాళ్ళ ఫ్యాక్టరీ పిల్లలకు పెట్టి బతికేదాన్ని. నా గడప తొక్కినవాళ్ళు మొదట అడిగే మాట ఒకటే. నా నోటికీ అదే వచ్చింది.

"హేమా, ఈ పొద్దు ఏం కూర?"

"వంకా..." అని దాటిపోయింది.

దేవదానం విజిల్ ఊది అందరినీ ఆపేశాడు. "మళ్ళా. వంకాయ పూర్తిగా రావాల."

అలా మొదలైంది. వంకాయ పూర్తిగా రావడానికి చాలా రోజులు పట్టింది. తర్వాత వంకాయ పులుసు వచ్చింది. ఆ తర్వాత ఒక పొద్దున, నన్ను దాటుతూ, నా వైపు తిరిగి మరీ, "వంకాయ పులుసు అత్తా, నిన్నటిది ఉప్పెక్కువైంది," అని పోయింది. సుశీల నవ్వు పట్టలేక పరుగు ఆపి హద్దురాయి మీద కూర్చుంది. రెండో చుట్టులో మాత్రం ఏమీ అడగకూడదు. రెండో చుట్టుకు మాటలుండవు.

పక్క గది ఓబులమ్మ కొళాయి దగ్గర అందరి ముందూ అడిగింది. "కొడుకు పోయి ఏడాదే, కోడలికి లాగు తొడిగి ఉరికిస్తాండావే ఆదెమ్మా, లోకం ఏమంటాది?"

"లోకం లేయకముందే ఉరికొచ్చేస్తాంది ఓబులమ్మా. నువ్వే తొందరగా లేస్తాండావు."

వారం తిరక్కుండా ఓబులమ్మ కూడా చెంబునిండా టీ పట్టుకుని ట్యాంకు దగ్గరికి రావడం మొదలుపెట్టింది. మొదట తప్పు పట్టడానికి వచ్చింది. తర్వాత రాకుండా ఉండలేకపోయింది.

అయితే దసరా ముందు ఆనేకల్ బడి మైదానంలో మూడు ఫ్యాక్టరీల పిల్లలతో ఉత్తుత్తి పోటీ ఒకటి పెట్టారు. అక్కడ నేనెంత గొంతు చించుకుని కూర అడిగినా హేమలతకు వినపడలేదు. మొదటి చుట్టంతా అందరికంటే ముందుంది. రెండో చుట్టులో అందరికంటే వెనక వచ్చి, గీత దాటి, మోకాళ్ళ మీద పడిపోయింది. బస్సులో వచ్చేటప్పుడు సుశీల ఆమెకు కిటికీ సీటు ఇచ్చింది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ హేమలత చెప్పింది. "నావల్ల కాదు అత్తా. ముందర పోయేవాళ్ళ వీపు చూస్తే నాకు ఆగదు. ఇంక దొరకరేమో అనిపిస్తాది. ఊపిరి సంగతి గుర్తుండదు."

నేను ఆమెకు తువ్వాలు ఇచ్చాను. అది నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే. వదిలి పోతుంటే మా నాయన వీపు చూశాను, మా ఆయన వీపు చూశాను. అంజిని ఎత్తుకుపోతుంటే అది కూడా చూడనివ్వలేదు, ఆడవాళ్ళు రాకూడదన్నారు.

మరునాడు ఆ మాట దేవదానానికి చెప్పాను. ఆయన చాలాసేపు మీసం దువ్వుకున్నాడు.

"అట్లయితే అక్కా, చెయ్యి పట్టుకో," అన్నాడు.

అదీ కొత్త పద్ధతి. విజిల్ ఊదగానే సుశీల, మిగతా పిల్లలు పరిగెత్తుతారు. నేను గీత దగ్గర హేమలత మణికట్టు పట్టుకుని నిలబడాలి. వాళ్ళు ట్యాంకు దాటాక వదలాలి. చెప్పడానికి సులువే. విజిల్ పడగానే ఆమె చెయ్యి నా చేతిలో చేపలా కొట్టుకునేది. పోతున్నవాళ్ళ వీపులు చిన్నవవుతుంటే చూడలేకపోయేదాన్ని. వాళ్ళు ట్యాంకు దగ్గరికైనా చేరకముందే నేను వదిలేసేదాన్ని.

"ముందే ఇడుస్తాండావు అక్కా."

"చేతికి చెమటయ్యా."

"చెమట కాదు. నీకూ అదే జబ్బు." ఆయన మా ఇద్దరినీ రోడ్డు మధ్యలో నిలబెట్టి చెయ్యి గుండ్రంగా తిప్పి చూపించాడు. "చూడండి. బస్సు దావ వేరు, ఇది వేరు. ఇక్కడ పోయినోళ్ళు యాడికీ పోరు. ఇదే సుత్తు, ఇట్లే రావాల. వాళ్ళని పోనీ. అలిసిపోయి ఈడనే ఉంటారు."

ఆ రోజు నేను కళ్ళు మూసుకుని పట్టుకున్నాను. ఆయన "ఊఁ" అనేదాకా వదల్లేదు. కళ్ళు తెరిచేసరికి హేమలత సగం దూరంలో ఉంది, తొందర లేకుండా, ఒక్కో వీపునూ దగ్గరికి లాక్కుంటున్నట్టు పోతోంది. రెండో చుట్టు చివర సుశీల భుజం పక్కన ఉంది. దీపావళికల్లా సుశీలను దాటేసింది. దాటిన రోజు సుశీల ఆమె జడ పట్టుకుని లాగి, "ఇన్నాళ్ళూ నా వెనక దాక్కున్నావా దొంగదానా," అంది.

ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టేది కాదు, ఆకలి విపరీతంగా వేసేది. సంగటి కెలుకుతూ కూడా మొదట నిదానంగా, చివర జోరుగా కెలికేదాన్ని. రాళ్ళ ఫ్యాక్టరీ పిల్లలు తిండికొచ్చినప్పుడు కూర సంగతి అడగడం మానేసి, "అమ్మా, రెండో చుట్టు ఎట్లుండాది?" అని అడిగేవాళ్ళు.

కార్తీకం వచ్చింది. పోటీ రోజు కదిరి నుంచి మల్లయ్య తెల్ల చొక్కా వేసుకుని నేరుగా స్టేడియానికే వచ్చాడు. ముదిగుబ్బాయన ఊళ్ళో ఎదురుచూస్తున్నాడని వచ్చీ రాగానే చెప్పాడు. నేను అతని మాట సరిగా వినలేదు. అంత పెద్ద మైదానం, ఇటుక రంగు పూసినట్టున్న దారి, దాని మీద సున్నపు గీతలు చూసి నోరు తెరుచుకున్నాను. గేటు పైన గుడ్డ మీద పెద్ద పెద్ద కన్నడ అక్షరాలు. కూడబలుక్కుని చదివాను. మహిళెయర ఓట.

"ఓట అని రాసినారు చూడమ్మే," అని హేమలత చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"పరుగు అని అర్థం అత్తా. ఓడు, ఓట. అదే మాట."

"తెలుసు లే," అన్నాను. తెలిసినా ఆ చెయ్యి వదల్లేదు.

బల్ల దగ్గర కూర్చున్న ఒకావిడ హేమలతకు నంబరు గుడ్డ ఇస్తూ నన్ను చూసి, ఈమె నీకేమవుతుందని కన్నడంలో అడిగింది. అత్త అంది హేమలత. లోపలి కమ్మీ దాకా తల్లినో మాస్టరునో మాత్రమే పంపుతామంది ఆవిడ.

"అయితే తల్లే," అంది హేమలత.

ఆవిడ మా ఇద్దరి మొహాలూ చూసి, నా కొంగుకు ఒక రిబ్బను గుచ్చి లోపలికి వదిలింది.

దేవదానం నన్ను మైదానానికి అవతలి వైపు కమ్మీ దగ్గర నిలబెట్టాడు. "ఇదే నీ ట్యాంకు," అని తను గీత దగ్గరికి వెళ్ళిపోయాడు.

తుపాకి పేలింది. ఎనిమిది మంది. ఆకుపచ్చ బనియన్ వేసుకున్న పొడుగాటి పిల్ల ఒకతె బాణంలా ముందుకు పోయింది. దాని వెనక నలుగురు గుంపుగా, వాళ్ళ వెనక సుశీల, ఇంకొకతె. అందరి వెనక హేమలత. మలుపు తిరిగి నా వైపు వచ్చేసరికి ఆమెకూ ముందువాళ్ళకూ మధ్య ఒక లారీ పట్టేంత జాగా. అవతల మెట్ల మీద నుంచి మల్లయ్య గొంతు ఇక్కడికి వినపడుతోంది. "ఏయ్ హేమా, నిద్రపోతాండావా?"

నేను కమ్మీ పట్టుకుని ముందుకు వంగాను.

"హేమా, ఈ పొద్దు ఏం కూర?"

నా పక్కన నిలబడిన పోలీసామె ఉలిక్కిపడి నా వైపు తిరిగింది.

హేమలత తల తిప్పలేదు. కానీ జవాబు వచ్చింది, పక్కన కూర్చుని చెబుతున్నట్టు. "గోంగూర అత్తా, ఎండుమిరపకాయలు ఎక్కువేసినావు."

మాట ముగిసేసరికి నన్ను దాటి నాలుగడుగులు పోయింది. ఊపిరి దాచింది. అంతా దాచింది. పోలీసామె కన్నడంలో ఏదో అడిగింది. నాకు అర్థమైంది, జవాబు చెప్పేంత తీరిక లేదు.

అవతల గీత దగ్గర గంట కొట్టారు. ఆఖరి చుట్టు. గంట విని అందరూ తలలు ఎత్తారు కానీ కాళ్ళు ఎత్తలేకపోయారు. ఆకుపచ్చ పిల్ల భుజాలు అటూ ఇటూ ఊగడం నాకు ఇక్కడి నుంచే కనిపించింది. ఆ ఊపు నాకు తెలుసు. లేఅవుట్‌లో ఎన్ని పొద్దులు చూశానో. మలుపులో హేమలత ఒకరిని దాటింది. సుశీల పక్కకు వచ్చింది. సుశీల తను పోలేక, చెయ్యి విసిరి ఆమెను ముందుకు పొమ్మంది. ఇంకో ఇద్దరిని దాటింది. మలుపు నుంచి నా వైపు తిరిగేసరికి ఆమె ముందు ముగ్గురే ఉన్నారు. వీపులు మూడు.

రెండో చుట్టుకు మాటలుండవని తెలుసు. అయినా ఆమె నా ఎదురుగా వస్తుంటే నోరు ఆగలేదు. కమ్మీ మీద చేతులు రెండూ వేసి మునివేళ్ళ మీద లేచాను.

"ఓడు," అన్నాను. "ఓడు హేమా, ఓడు."

ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదలు. నన్ను దాటి పోయింది. అప్పుడు నాకు కూడా వీపే కనిపించింది, నంబరు గుడ్డ ఒక మూల ఊడి కొట్టుకుంటూ. ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఆమె మోకాళ్ళు పైకి లేస్తున్నాయి, బస్సు వెనక లేచినట్టు. మూడో పిల్లను మలుపులోకి పోకముందే దాటింది. మలుపు బయటికి వచ్చేసరికి రెండో పిల్ల పక్కన ఉంది. ఇద్దరూ ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ ఆకుపచ్చ పిల్ల మీదికి పోతున్నారు. ముగ్గురూ ఒక్క ముద్దయ్యారు. నేనున్నది అవతలి పక్క. గీత ఎవరు ముందు దాటారో కనపడలేదు. మెట్ల మీద జనం లేచి నిలబడ్డారు.

మైక్‌లో కన్నడంలో పేర్లు చదివారు. మొదటి పేరు మాది కాదు. నేను కమ్మీ వదిలి కింద కూర్చున్నాను. తర్వాత "ఎరడనే స్థాన" అని, హేమలత పేరు చదివారు. పోలీసామె నన్ను చంక కింద పట్టుకుని లేపి రెండు వేళ్ళు చూపించింది. రెండు. ఎరడు అంటే రెండు.

పరిగెత్తాను. ఆ ఇటుక రంగు దారికి అడ్డంగా, ఎవరో విజిల్ ఊదుతున్నా ఆగకుండా, పచ్చిక మధ్యలో నుంచి పరిగెత్తాను. దేవదానం ఎదురొచ్చాడు. చేతిలో గడియారం నా మొహం ముందు పెట్టి ఊపాడు, నాకు ఆ అంకెలు చదవడం వచ్చినట్టు.

"అక్కా, మొదటి సుత్తు కంటే రెండో సుత్తు తక్కువ పట్టె. విన్నావా? ఈ మైదానంలో ఈ పొద్దు ఇంకెవరికీ లేదు. ఆ గెలిచిన పిల్లకు కూడా లేదు." చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. "బస్సు కాడనే నేను చెప్పలేదా, దేవుడిచ్చింది అని."

హేమలత పచ్చిక మీద వెల్లకిలా పడుకుని ఉంది. సుశీల ఆమె కాళ్ళు పట్టుకుని ఊపుతోంది. నన్ను చూసి హేమలత లేవబోయి, లేవలేక, పడుకునే నవ్వింది.

"గోంగూర నిజంగానే కారం అత్తా," అంది.

మల్లయ్య మెట్లు దిగి వచ్చాడు. తెల్ల చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది, పరిగెత్తింది తనే అయినట్టు. "రెండోదంటే చాలు కదా సార్? ఇద్దర్ని తీసుకుంటారు కదా?" అని దేవదానాన్ని, రైల్వే వాళ్ళను, నీళ్ళ సీసాలు మోసే వాళ్ళను కూడా అడిగాడు. అందరూ చాలన్నాక చెల్లెలి తల దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"ముదిగుబ్బాయనకు ఏమని చెప్పేది ఇప్పుడు?" అన్నాడు కాసేపటికి.

"ఓడింది అని చెప్పు నాయనా," అన్నాను. "అబద్ధం గాదు."

"ఓడితే నా ఎంట రావాల కదత్తా."

"కన్నడంలో చెప్పు."

ముందు దేవదానం నవ్వాడు. ఆ తర్వాత మల్లయ్య కూడా నవ్వాడు. అతను నవ్వడం అంజి పోయాక నేను మళ్ళీ చూసింది అప్పుడే.

రైల్వే కాగితం నెల తిరక్కుండా వచ్చింది. హుబ్బళ్ళిలో ఉద్యోగం, అక్కడే ఆటల హాస్టల్లో ఉండాలి. ఓబులమ్మ చక్కిలాలు చేసింది. రాళ్ళ ఫ్యాక్టరీ పిల్లలు కూడి బూట్లు కొనిచ్చారు. దేవదానం స్టేషన్ దాకా తోడు వెళ్ళాడు. నేను వఠారం గేటు దగ్గరే ఉండిపోయాను. మలుపు తిరిగేదాకా హేమలత వెనక్కి చూడలేదు. పరుగులో వెనక్కి చూడకూడదని నేనే చెప్పి ఉన్నాను.

ఉగాదికి వస్తానని దేవదానంతో చెప్పి పంపింది. ఆ ఉగాదికి ఎక్కడో పోటీలున్నాయి. కొన్నేళ్ళకు అక్కడే పనిచేసే ఒకతన్ని పెళ్ళి చేసుకుంది. ఇంట్లో అత్తగారు ఉందట, మంచావిడట. దేవదానం ఆ మాట చెప్పడానికి మా గడప దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. మంచిదే కదా అన్నాను. కూర్చోబెట్టి సంగటి పెట్టాను.

హేమలత జిగణి నుంచి వెళ్ళింది 1998 డిసెంబరు ఆరో తేదీ, ఆదివారం పొద్దున. మళ్ళీ రాలేదు.